కుండ అడుగున మడ్డి



కల్లు పట్టు కుండను ప్రతిదినము కడుగవలెనా, కడుగకయే చెట్టుకు కట్టవలెనా అను ప్రశ్న మీకు హాస్యాస్పదముగా తోచవచ్చును. శుచియే ఆరోగ్యమునకు మూలమని బడిలో వల్లించి పెరిగిన మనకు సమాధానము చెప్పుటకు క్షణమైన పట్టదు. అయినను దమ్మపేట చుట్టుపట్ల, ఒకవైపు సత్తుపల్లి మాగాణుల మొదలు వేరొకవైపు అశ్వారావుపేట అడవుల వరకు, మోకు భుజాన వేసికొని తాడెక్కు గౌడుని గాని, వెదురుగడ ఆసరాతో జీలుగుచెట్టెక్కు కోయ పెద్దను గాని అడిగినచో, వారు మన సమాధానము విని చిరునవ్వు నవ్వుదురు. కొత్తకుండ కట్టిన తొలిదినములలో కల్లు పలుచగా, తీపిగా, పొంగులేక యుండుననియు, కొన్నాళ్ళు వాడిన పిమ్మటనే కుండ దారికి వచ్చుననియు వారి అనుభవము. ఒక వృద్ధ గీతకార్మికుడు నాతో అన్న మాటలను ఆయన నోటి యాసలోనే వినిపించుచున్నాను: “కుండ తోమితే కల్లు మొండికేస్తది బాబూ. అడుగున ఇంత మడ్డి ఉండాల. ఆ మడ్డే పొంగు తెస్తది.”

ఇందుకు సరిగా వ్యతిరేకమైన మాటను, ఇంటిలో బీరు కాచుకొను అలవాటుగల దేశములవారి నోట విందుము. వారి విద్యలో ప్రథమపాఠము పాత్రను కడుగుట. ద్వితీయపాఠము కడిగిన పాత్రను మరల మందునీటితో కడుగుట. ఈ ఇరువురును పరస్పర విరుద్ధముగా మాటలాడుచున్నట్లు కనబడినను, వాస్తవమున ఒకే పనిని చేయుచున్నారనియు, కంటికి కానరాని ఈస్టు అను ప్రాణిని ముందుగా కొద్దిపాటి రసములో పెంచి, బలపరచి, పిదప పెద్దపాత్రలోనికి పంపుటయే ఆ పని యనియు, గీతకార్మికుని కుండలోని మడ్డియు బీరు కాచువాని గాజుకుప్పెలోని తోడును ఒకే వంశమునకు చెందినవనియు నిరూపించుటయే ఈ ప్రసంగమున నా ప్రయత్నము. మద్యపానమును ప్రశంసించుట నా ఉద్దేశము కాదు, నిందించుటయు కాదు. ఆ రెండు పనులకును మన దేశమున మనుషుల కొరత లేదు.

తాటిగెల కొనను పలుచగా గీసినప్పుడు స్రవించు రసమున నూటికి పది మొదలు పదునైదు పాళ్ళవరకు చక్కెర యుండును. గెల గాటుమీద వ్రాలు ఈగలును, కందిరీగలును, గీతకత్తి అంచును, వీచు గాలియు, అన్నింటికంటె మిన్నగా కుండ లోపలిగోడయు ఆ రసమునకు సూక్ష్మజీవులను చేకూర్చును. కుండలోపల సున్నము పూసినచో, ఆ క్షారగుణమునకు అవి తలయెత్తజాలక రసము తీపిగానే నిలుచును. దానినే నీరా యందుము. సున్నము లేనిచో గడియల వ్యవధిలో ఒక నాటకము ప్రారంభమగును. మొదట లాక్టిక్ ఆమ్లమును పుట్టించు బాక్టీరియా, అనగా మన ఇండ్లలో పాలను పెరుగుగా మార్చు జాతివారే, రసమును కొంత పులియజేయుదురు. ఆ పులుపును లెక్కచేయని ఈస్టులు అంతట చెలరేగి, చక్కెరను ఆల్కహాలుగాను, బొగ్గుపులుసు వాయువుగాను విడగొట్టును. చివరకు గాలి తగిలినకొలది ఎసిటిక్ బాక్టీరియా ప్రవేశించి, ఆ ఆల్కహాలును సిర్కాగా మార్చివేయును. తెల్లవారుజామున పిల్లలకు సైతము రుచించు తీపి, ప్రొద్దెక్కిన తరువాత నాలుగైదు పాళ్ళ ఆల్కహాలుగల ఘాటు, మరునాటికి ముక్కుపుటములదరు పులుపు: ఒకే కుండ మూడు అంకములను చూపించునది ఇందువలననే. ఈ గుంపులో జైమోమోనాస్ అను బాక్టీరియ మొకటి ఈస్టు కాకపోయినను ఈస్టు చేయు పనియే చేయుచుండును. మెక్సికో దేశస్థులు కిత్తనార జాతి మొక్కనుండి తీయు పుల్కే అను కల్లులో లిండ్నర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దానిని 1920వ దశకములో గుర్తించెను. ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండముల కల్లుకుండలలో ఒకే బంధువర్గము కాపురముండుట నాకు సదా ఆశ్చర్యము గొలుపు విషయము.

ఇక మడ్డి మాట. నిన్నటి కల్లును వంచుకొన్న తరువాత అడుగున మిగులు తెల్లని చిక్కని పదార్థమున మట్టికంటె, చెత్తకంటె అధికముగా ఉండునది ఈస్టే. మట్టికుండ గోడలోని సూక్ష్మరంధ్రములలో సైతము అది దాగియుండును. ప్రొద్దుటి రసము ఆ మడ్డిపై బొట్టుబొట్టుగా పడునప్పుడు, ఆకలిగొన్న కోట్లకొలది ఈస్టుకణములు అప్పటికే అచ్చట సిద్ధముగా నుండును. గాలినుండి దారితప్పి వచ్చిన ఒకటి రెండు కణములు సంతానము పెంచుకొని కుండను ఆక్రమించులోపల, మడ్డిలోని సైన్యము చక్కెరను సగము భుజించివేయును. కావున కల్లు పొంగుటయేగాక, చెడుజాతి సూక్ష్మజీవులకు చోటు దొరకకుండుటయు మడ్డి వలన కలుగు లాభమే. కుండ కడుగని గీతకార్మికుని మనము అశుచి యని నిందించితిమి గాని, ఆతడు కడుగక విడిచినది మురికిని కాదు, మూలధనమును. అట్లని ఎన్నడును కడుగడనుకొనుటయు పొరపాటే. మడ్డి మితిమీరినచో కల్లు త్వరగా పులిసిపోవునని ఆతనికి తెలియును. కనుక అప్పుడప్పుడు కుండను తొలిచి ఎండబెట్టును, లేదా మడ్డిని కొంత పారబోసి కొంత నిలుపును. ఎంత పారబోయవలెను, ఎంత నిలుపవలెను అను విచక్షణయే ఈ విద్య యంతయు. అది తాతనుండి మనుమనికి చేతిగుణముగా సంక్రమించునదే గాని ఎవ్వరును కాగితముమీద వ్రాసికొన్నది కాదు. నేటి ప్లాస్టికు డబ్బాల నునుపుగోడలకు ఈ జ్ఞాపకశక్తి లేదు.

జీలుగు సంగతి వేరుగా చెప్పదగినది. దమ్మపేట మండలములోని పూసుకుంట వంటి కొండరెడ్ల గూడెములలో, ఆ అడవివెంట గోదావరి దాటి పాపికొండల వరకు, ఈ వృక్షమునకు గల గౌరవము తాటికి లేదు. తాడు ఏటేట గెలవేయును. జీలుగు అట్లు కాదు. అది ఏండ్లతరబడి ఎదిగి, తన జీవితమున ఒక్కమారు మాత్రమే పూయ మొదలిడి, తలనుండి క్రిందికి గెలవెంట గెల వేయుచు, చివరి గెలతోపాటు తానును ఎండిపోవును. ఆ కొలది సంవత్సరములలో అది యిచ్చు రసము మాత్రము అపారము. మంచిచెట్టు ఒక్కదినమున ఒక కుటుంబము త్రాగి, ఇరుగుపొరుగునకు పంచగలిగినంత కల్లు నిచ్చును. ఆస్ట్రియా దేశమున జన్మించి, రెండవ ప్రపంచయుద్ధకాలమున హైదరాబాదు సంస్థానమున చిక్కుబడిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, ఈ కొండరెడ్లనుగూర్చి 1945లో ప్రకటించిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ అను గ్రంథమున, ఆ జనుల జీవితములో జీలుగునకు గల స్థానమును చక్కగా వివరించినాడు. కల్లు మాత్రమే కాదు, కరవు వచ్చినప్పుడు మానులోని గుజ్జును దంచి పిండిగా చేసికొని ప్రాణము నిలుపుకొనుటయు వారికి పరిపాటి. భద్రాచలము దాటి కుంట మార్గమున బస్తరు ప్రవేశించినచో, అచ్చటివారు సల్ఫీ యని ఆదరించునది ఈ వృక్షపు కల్లునే. ఎండిన సొరకాయ బుర్రలో జీలుగు కల్లును నింపి భుజమునకు తగిలించుకొని కోయ పెద్ద పొలమునకు నడచుచుండుట ఈ ప్రాంతమువారు ఎరిగిన దృశ్యమే. ఆ బుర్ర లోపలిపొర మట్టికుండకంటె గరుకైనది. తోడును నిలువయుంచు పాత్రగా దానిని మించినది ఏ ప్రయోగశాలలోను లేదని నా అభిప్రాయము. పట్టణములలో కల్లు అను పేరుతో క్లోరల్ హైడ్రేటువంటి మత్తుపదార్థములు కలిపి అమ్ము తెల్లనీళ్ళను ఈ బుర్రలోని కల్లుతో ఒక్క వరుసలో చేర్చి మాటలాడువారిని చూచినప్పుడు నాకు కోపము వచ్చును. ఆ నీళ్ళకు చెట్టుతోను పనిలేదు, తోడుతోను పనిలేదు.

ఇప్పపువ్వు సంగతి కూడ ఇంచుమించు ఇట్టిదే. చైత్రమాసపు తెల్లవారుజామున రాలు ఆ పూవును ఏరి ఎండబెట్టినచో, బరువులో సగమునకు మించి చక్కెరయే. దానిని నీట నానవేసి, పాత ఊట కొంత కలిపి, పులిసిన పిదప కాచి సారా దింపుదురు. కాచుటకు పూర్వము జరుగు పని మరల పాత ఊటను తోడుగా వేయుటయే.

ఈ సందర్భమున నాకు చాలకాలము నుండి తోచుచున్న యూహ యొకటి మనవిచేయుదును. ఝార్ఖండు, ఒడిశాలలోని ఆదివాసులు బియ్యపు హండియా చేయుటకు రాను అను బిళ్ళలను వాడుదురు; సిక్కిము, నేపాళములందు మర్చా యను బిళ్ళలు గలవు. బియ్యపుపిండిని వనమూలికలతో కలిపి, ముద్దలుచేసి, పాతబిళ్ళ పొడిని అద్ది, గడ్డిలో ఆరబెట్టిన ఈ బిళ్ళలలో ఈస్టుతోపాటు బూజుజాతి శిలీంధ్రములు కూడ నివసించును. అవి సంచిలో మూటగట్టుకొని సంతకు పోవచ్చును, నెలలతరబడి దాచవచ్చును. మరి మన తెలుగు మన్యములో ఇట్టి బిళ్ళ ఎందుకు పుట్టలేదు? తాటిరసము, జీలుగురసము, ఇప్పపువ్వు, ఈ మూడింటను చక్కెర సిద్ధముగా నున్నది. బియ్యములోను, బార్లీలోను ఉన్నది పిండిపదార్థము. దానిని ముందు చక్కెరగా విరుగగొట్టినగాని ఈస్టునకు అది ఆహారము కానేరదు. విరుగగొట్టు పనికే ఆ బూజు అవసరము, బూజును నిలువచేయుటకే బిళ్ళ అవసరము. మన చెట్లు ఆ శ్రమను తామే పడినవి గనుక, మన తోడు కుండను విడిచి బయటికి రావలసిన అగత్యము కలుగలేదు.

పిండిని విరుగగొట్టుటకు మరియొక మార్గము మొలకెత్తిన గింజ. మొలక తనలోని పిండిని తానే చక్కెరగా మార్చుకొను ఎంజైములను పుట్టించును. పాశ్చాత్యుల మాల్టు అనగా మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీయే గదా. బస్తరు అడవులందు లందా అను పానీయమున్నది. బియ్యపుపిండిని ఆవిరిమీద ఉడికించి, మొలకెత్తిన మొక్కజొన్నల పొడిని నీటితో కలిపి, కొన్నిదినములు పులియనిచ్చి త్రాగుదురు. లక్షణరీత్యా అది బీరే. హాప్సు పువ్వుల చేదు ఒక్కటి తక్కువ.

ఈ తోడు తయారీ శాస్త్రము మన దేశమునకు క్రొత్తది కాదనుటకు కౌటిల్యుని అర్థశాస్త్రమే సాక్ష్యము. సురాధ్యక్షుని విధులను వివరించు ప్రకరణమున ఆయన కిణ్వమును, అనగా తోడును, చేయు విధానమును తూకములతో సహా చెప్పినాడు: మినుముల ముద్ద ఒక ద్రోణము, పచ్చిదైనను ఉడికించినదైనను సరే, దానికి మూడవవంతు అధికముగా బియ్యము, మోరటము మొదలగు మూలికలు కర్షప్రమాణమున. మినుములును బియ్యమును కలిపి పులియబెట్టుట మన ఇండ్లలో నేటికిని నిత్యకృత్యమే. కిణ్వద్రవ్యములను సేకరించు పనిని స్త్రీలును బాలురును చేయవలెనని కూడ ఆయన నిర్దేశించెను. అంతకంటె విశేషమైన దొకటి: సురను రాజ్యము తన గుప్పిట నుంచుకొన్నను, ఉత్సవములు, సమాజములు, యాత్రలు జరుగు కాలమున నాలుగు దినములు సుర కాచుకొనుటకు అనుమతి నీయవలెనని ఆ కఠినశాసనుడే అనెను. మన రాష్ట్రమున 1968 నాటి ఎక్సైజు చట్టము ప్రకారము అనుమతిపత్రము లేక ఇంటిలో బీరు కాచుట నేరము. కాగా అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1978లో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన శాసనము వలన, ఇంటి అవసరమునకు కాచుకొను బీరుపై సుంకము తొలగినది. బ్రిటనులో 1963లోనే లైసెన్సు నియమము తొలగినది. ఆ దేశములలో స్థిరపడిన మన తెలుగు యువకులు కొందరు సెలవుదినములలో ఈ పనియందు ఆసక్తి చూపుచున్నారు. నేను ఇకమీద చెప్పు పద్ధతి వారికి ఆచరణయోగ్యము, ఇచ్చటివారికి జ్ఞానార్థము.

అంతకు ముందు రెండుమాటలలో చరిత్ర. 1680లో హాలండు దేశపు లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినిలో బీరుబొట్టును పెట్టి గుండ్రని కణములను చూచినాడు గాని అవి ప్రాణులని అనుకొనలేదు. 1837లో కన్యార్ లతూర్, ష్వాన్ అనువారు వేర్వేరుగా అవి జీవించి పెరుగునవియే యని చాటిరి. పాశ్చరు 1876లో బీరునుగూర్చి ఒక గ్రంథమునే వ్రాసి, బీరు చెడుటకు కారణము చొరబడిన ఇతర సూక్ష్మజీవులని నిరూపించెను. చొరబాటుదారులను ఏరివేయుటెట్లు అను ప్రశ్నకు కోపెన్‌హేగన్ నగరములోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో సమాధానము కనుగొన్నాడు. ఈస్టుద్రవమును నీటితో పలుచబరచి పలుచబరచి, ఒకే ఒక కణమును వేరుచేసి, దాని సంతతిని మాత్రమే క్రమక్రమముగా పెద్దపాత్రలలో పెంచి, తుదకు బీరుతొట్టి యంతటికి సరిపడునట్లు చేసెను. కార్ల్స్‌బెర్గ్ బీరుశాల యజమాని జాకబ్‌సెన్ ఆ ఈస్టును రహస్యముగా దాచుకొనక, అడిగిన ఇతర బీరువ్యాపారులకు ఉచితముగా పంచిపెట్టెను. వ్యాపారస్థులలో ఇట్టివారు అరుదు గనుక ఈ ముక్క చెప్పక విడువలేకపోతిని.

హాన్సెను చేసినది మన గీతకార్మికుని పనిని నిరాకరించుట కాదు, ఇరుకుచేయుట. కుండ మడ్డిలో ఒక ఊరు నివసించును. హాన్సెను కుప్పెలో ఒక వ్యక్తి వంశము మాత్రమే నివసించును. ఊరు నివసించు చోట కల్లు గడియకొక రుచిగా మారును. దానిని దూరదేశమునకు పంపలేము, నిలువచేయలేము. ఒక్క వంశమే యున్నచోట బీరు ఈ ఏడును వచ్చే ఏడును ఒకేరుచి. ఏది లాభమో, ఏది నష్టమో త్రాగువారే తేల్చుకొనవలెను.

ఇక బీరునకు తోడుచేయు పద్ధతి. ఇరువది లీటర్ల సాధారణ బీరు కాచుదుమనుకొనుడు. మాల్టు కాచిన ద్రవము ఒక్కొక్క మిల్లీలీటరునకు, దానిలోని ఒక్కొక్క పాలు చక్కెరకు, ఏడున్నర లక్షల ఈస్టుకణములు ఉండవలెనని బీరుశాస్త్రజ్ఞుల లెక్క. ద్రవమున నూటికి పండ్రెండు పాళ్ళ చక్కెర యున్నచో, ఇరువది లీటర్లకు 18 వేల కోట్ల కణములు కావలెను. చల్లదనమున పులియు లాగర్ జాతి బీరునకు ఇందుకు రెట్టింపు. దుకాణమున దొరకు ద్రవరూపపు ఈస్టుపొట్లమున, తయారైననాడు సుమారు 10 వేల కోట్లు ఉండును. నెలలు గడచినకొలది అందులో చాలభాగము నశించును. ఈ లోటును పూడ్చుటకే తోడు. పొడిరూపపు ఈస్టు వాడువారికి మాత్రము సాధారణముగా ఈ ప్రయాస అక్కరలేదు. అందు కణములు దండిగా ఉండుటయేగాక, వానికి వలయు బలమును ముందే కూర్చి ఆరబెట్టియుందురు.

లీటరు నీటికి నూరు గ్రాముల మాల్టుపొడి కలిపి, పావుగంట సేపు మరిగించి, మూతపెట్టి చల్లార్చవలెను. ఆ ద్రవపు సాంద్రత, నీటిని 1000గా నెంచినచో, 1035 మొదలు 1040 లోపల నుండవలెను. బలమైన తోడునకు బలమైన ద్రవము కావలెనని కొందరు ఇంకను చిక్కగా చేయుదురు; అది అజ్ఞానము. చక్కెర హెచ్చినకొలది కణములలోని నీరు బయటికి లాగబడి అవి నీరసించును. అదియుగాక, ఆల్కహాలు త్వరగా పెరిగి సంతానవృద్ధిని అడ్డగించును. మనము తోడులో కోరునది ఆల్కహాలు కాదు, జనసంఖ్య. బెల్లపునీటిలో తోడు వేయరాదా యని అడుగువారును కలరు. వేయవచ్చును గాని, బెల్లమున నత్రజని కొరత. కణము తన శరీరమును కట్టుకొనుటకు కావలసిన అమైనో ఆమ్లములు మాల్టులోనే పుష్కలముగా నున్నవి. బెల్లము తినిపించిన ఈస్టు కడుపునిండినట్లు కనబడును గాని సంసారము సాగించలేదు.

ద్రవము గోరువెచ్చదనమును కూడ కోల్పోయి ఇరువదిరెండు, ఇరువదియైదు డిగ్రీలకు దిగిన పిమ్మట, శుద్ధిచేసిన గాజుకుప్పెలో పోసి, ఈస్టును కలుపుదురు. మూతి బిగించరాదు, పలుచని అల్యూమినియం రేకును వదులుగా కప్పవలెను. వాయువు బయటికి పోవుటకును, గాలి లోనికి వచ్చుటకును అది దారి యిచ్చును. గాలిలోని ధూళి మాత్రము నేరుగా లోన పడజాలదు. తరువాత దానిని కదుపుచుండవలెను. ఇందుకై అయస్కాంతముతో తిరుగు పీటలు అమ్మకమున కలవు. అవి లేనివారు వచ్చిపోవుచు కుప్పెను చేతితో త్రిప్పిన చాలును. కదుపుటెందుకనగా, ఈస్టు కణపుపొరలోని కొవ్వుపదార్థములను నిర్మించుకొనుటకు ప్రాణవాయువు అవసరము. ఆ పొర బలముగా లేని కణము తన బిడ్డలకు పొరను పంచియిచ్చి పంచియిచ్చి, నాలుగైదు తరములలో తానే చతికిలబడును. చక్కెర సమృద్ధిగా నున్నచోట ఈస్టు గాలి తగిలినను కొంత ఆల్కహాలును చేయకమానదు. అయినను గాలి తగిలిన తోడు తగలనిదానికంటె ఎంతో బలిష్ఠము.

ఒకటి రెండు దినములలో ద్రవము పాలవలె మసకబారి, నురుగు లేచి, మరల అణగును. అప్పుడు దానిని శీతలయంత్రమున ఒకరాత్రి ఉంచినచో, ఈస్టంతయు అడుగున మీగడరంగు పొరగా దిగును. పైని తేటను వంచివేసి, మిగిలినదానిని, అనగా మన గీతకార్మికుడు మడ్డి అన్నదానినే, బీరుద్రవములో పోయవలెను. ఆ తేటను రుచిచూచుట మాత్రము మరువరాదు. రొట్టెవాసన, స్వల్పమైన పండువాసన మంచివి. సిర్కాఘాటు గాని, కుళ్ళిన గుడ్డువాసన విడువక నిలుచుట గాని, పైన పొలుసుపొర గాని కనబడినచో, ఎంత శ్రమపడినదైనను ఆ తోడును పారబోయవలెను. ఇరువది లీటర్ల బీరు చెడుటకంటె లీటరు తోడు పోవుట మేలు. కణసంఖ్య ఇంకను చాలనిచో, ఆ మడ్డినే మరల అంతకు పెద్దదియైన కుప్పెలో పెంచవచ్చును. ఒక్కసారిగా కొద్ది ఈస్టును మహాసముద్రమున పడవేయక, పదింతల చొప్పున మెట్టుమెట్టుగా ఎక్కించుట హాన్సెను నాటినుండి వచ్చిన మర్యాద.

ఈ పద్ధతికి మన ఊళ్ళలో ఎదురగు గొప్ప విఘ్నము ఎండ. పాశ్చాత్యుల ఏల్ జాతి ఈస్టులు పదునెనిమిది, ఇరువదిరెండు డిగ్రీల మధ్య సుఖముగా పనిచేయును. ముప్పది దాటినచో సారాయిఘాటును, పెయింటు వాసనను పోలిన చెడురుచులను పుట్టించును. వైశాఖమాసమున దమ్మపేట ఇండ్లలో రేకులక్రింద నలుబది డిగ్రీలు సామాన్యము. అయితే నార్వే దేశపు పడమటి లోయలలోని రైతులు తరతరములుగా కాపాడుకొనిన క్వైక్ అను ఇంటి ఈస్టులు కలవు. కొయ్యతో కూర్చిన వలయములను పులియుచున్న బీరులో ముంచి ఎండబెట్టి, వానికంటుకొనిన ఈస్టును మరుసటి కాపునకు వాడుట వారి అలవాటు. చలిదేశపువే యైనను ఆ ఈస్టులు ముప్పదియైదు, నలుబది డిగ్రీల వేడిలో సైతము చెడురుచి లేకుండ బీరును పులియబెట్టునని శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. అచ్చటి రైతులు వేడిద్రవములోనే ఈస్టు వేయుచు వచ్చుటచే, వేడికి తాళినవే మిగిలినవని ఆ శాస్త్రజ్ఞుల భావన.

ఇది విన్నప్పుడు నాకు పూసుకుంట జీలుగుకుండలు తలపునకు వచ్చినవి. చెట్టుమీద ఎండలో రోజంతయు కాగు కుండలో, తరతరములుగా మడ్డినుండి మడ్డికి దాటుచు వచ్చిన ఈస్టులు వేడికి తాళని జాతులై యుండుట సంభవమా? అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల యున్నది. జీలుగుచెట్టునకు దానికిని మధ్య దూరము స్వల్పము. మడ్డి చుక్క నొకదానిని అగరుపళ్ళెముపై గీసి, వేరుపడిన కణపుంజములను ఒక్కొక్కటిగా మాల్టుద్రవములో వేసి, ముప్పదియైదు డిగ్రీలలో ఏది శుభ్రముగా పులియజేయునో చూచుట ఒక విద్యార్థి చేయదగిన పని. దొరికిన మేలిజాతిని చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారమునకు పంపి నిలువచేయింపవచ్చును. జీలుగుచెట్లు పలుచబడుచున్నవి, కుండల స్థానమున ప్లాస్టికు డబ్బాలు వచ్చుచున్నవి, కావున ఈ పని ఆలస్యము కారాదు. అయితే జాకబ్‌సెన్ తన ఈస్టును తాను పంచిపెట్టినాడు. ఈ కుండల ఈస్టు ఆయనది కాదు, నాది కాదు, కళాశాలదియు కాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము గ్రామమున ఏర్పడు సంఘమునకు జీవవైవిధ్య పట్టిక యొకటి ఉండవలెను. చుక్క తీయుటకు పూర్వము ఆ పట్టికలో చెట్టు పేరు, గూడెము పేరు, కుండ ఎవరిదో వారి పేరు వ్రాయించి, వారి సమ్మతి తీసికొనిన పిమ్మటనే కుండలో చేయి పెట్టవలెను.